రెండో ఇంటికి దారి

ఆగస్టు 15న జిల్లా కేంద్రంలో జెండా ఎగరేయడం, మంత్రిగారి ప్రసంగం అయిపోయాక, మైదానం ఓ పక్కన వేసిన షామియానా కిందికి జనం మళ్లుతారు. తెలంగాణలో 2019 నుంచి 'ఇంటింటా ఇన్నోవేటర్' పేరుతో మామూలు మనుషులు చేసిన వస్తువులను అక్కడ ప్రదర్శిస్తున్నారు. ఒక ఏడాది నేనూ వెళ్లాను. చెట్టెక్కే సాధనం, సైకిల్‌కు బిగించిన మందు పిచికారీ డబ్బా, బడిపిల్లలు అట్టముక్కలతో చేసిన అలారం, వాటి మధ్య పాత స్కూటర్ ఇంజన్‌తో కలుపు తీసే యంత్రం. దాన్ని చేసింది నలభై దాటిన ఒక మెకానిక్. బల్లమీద యంత్రం కన్నా పెద్దగా కనబడుతున్నది ఫైలు. అందులో లామినేషన్ చేయించిన సర్టిఫికెట్లు, పేపర్ కటింగులు, శాలువా కప్పించుకున్న ఫొటోలు.

"ఇప్పటిదాకా ఎన్ని అమ్మిండ్రు?" అని అడిగాను.

"ఒకటి. మా బామ్మర్దికి."

"పైసలిచ్చిండా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు.

సామాన్యుల ఆవిష్కరణల మీద మనవాళ్లు రాసిన వార్తా కథనాలు పోగుచేస్తే గదులు నిండుతాయి. దాదాపు అన్నింటిదీ ఒకటే అచ్చు: పేదరికం, పట్టుదల, ఇరుగుపొరుగు వెక్కిరింపు, చివరికి విజయం, ఓ పురస్కారం. బామ్మర్ది దగ్గర ఆగిపోయిన యంత్రం గురించి రాసేవాళ్లు తక్కువ. నిజానికి ఈ మొత్తం ప్రశ్నకు ముడి అక్కడే ఉంది. ఆలోచనలకు ఈ దేశంలో కరువు ఎప్పుడూ లేదు. ఒక ఇంట్లో పుట్టింది రెండో ఇంటికి ఎలా వెళ్తుంది, వెళ్లకపోతే ఎందుకు ఆగుతుంది అన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

కరువు లేదనడానికి లెక్కలున్నాయి. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆచార్యుడిగా పనిచేసిన అనిల్ గుప్తా 1980ల చివర్లో 'హనీ బీ నెట్‌వర్క్' మొదలుపెట్టారు. తేనెటీగ తేనె తీసుకున్నా పువ్వుకు నష్టం ఉండదు, పైగా పుప్పొడిని ఇంకో పువ్వుకు చేరుస్తుంది. పల్లె జనం దగ్గర జ్ఞానం సేకరించేవాళ్లు కూడా అలాగే మెలగాలని ఆ పేరు. 1998 నుంచి ఆయన బృందం శోధయాత్రల పేరిట ఊళ్లెంట నడుస్తోంది. 2000లో కేంద్ర ప్రభుత్వ సాయంతో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఏర్పడింది. అది ఇప్పటిదాకా నమోదు చేసిన ఆలోచనలు, సంప్రదాయ పద్ధతులు మూడు లక్షలు దాటాయి. అవన్నీ కొత్తవి కావనీ, అన్నీ వేర్వేరు కూడా కావనీ ఆ సంస్థే ఒప్పుకుంటుంది. నాకు ఆ ఒప్పుకోలు నచ్చింది. మన దగ్గర సికింద్రాబాద్ కేంద్రంగా బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపిస్తున్న 'పల్లె సృజన' ఇదే పని తెలుగు ఊళ్లలో చేస్తోంది, అదే పేరుతో పత్రిక కూడా తెస్తోంది.

పేద దేశాల్లో గతిలేక చేసుకునే పని ఇది అనుకునేవాళ్లకు ఇంకో లెక్క. ఎరిక్ వాన్ హిప్పెల్ అనే అమెరికా ఆచార్యుడు, ఆయన సహచరులు బ్రిటన్‌లో సర్వే చేస్తే, అంతకుముందు మూడేళ్లలో తమ ఇంటి అవసరానికి ఏదో ఒక వస్తువును కొత్తగా చేసుకున్నవాళ్లు, లేదా ఉన్నదాన్ని మార్చుకున్నవాళ్లు నూటికి 6.1 మంది తేలారు. అమెరికాలో 5.2, జపాన్‌లో 3.7. అక్కడా ఆ తర్వాతి మెట్టు దగ్గరే తడబాటు వస్తోంది. బ్రిటన్‌లో అలా పుట్టినవాటిలో ఇతరులు అందుకున్నవి ఐదో వంతు కూడా లేవు. చేసుకున్నవాడికి తన పని జరిగిపోయింది, పక్కింటికి చెప్పాలన్న తొందర ఉండదు. మన మెకానిక్ బాధ వేరు. అతను చెబుతూనే ఉన్నాడు, వినేవాడు కొనడం లేదు.

రెండో ఇంటికే కాదు, వందలాది ఇళ్లకు చేరిన యంత్రం మన దగ్గరే ఒకటి ఉంది. దాని దగ్గర కాసేపు ఆగుదాం.

పోచంపల్లి చీర మీద పువ్వులు మగ్గం మీద పుట్టవు. నేయకముందే దారానికి కట్లు కట్టి రంగులద్దుతారు. ఏ పోగు ఎక్కడ రంగు పట్టాలో తెలియాలంటే పేక దారాన్ని ముందు లెక్క ప్రకారం పరచాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక వైపు ఒక కొయ్య, ఎదురుగా అర్ధచంద్రాకారంగా వరుసగా మేకులు. ఆ కొయ్య దగ్గర్నుంచి దారం తీసి మేకు చుట్టూ తిప్పి మళ్లీ కొయ్య దగ్గరికి, తర్వాత పక్క మేకుకు. మధ్య దూరం ఇంచుమించు మీటరు. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అలా పోయి రావాలి. అయిదారు గంటల పని. ఈ పని ఇంటి ఆడవాళ్లదే. రోజుకు రెండు చీరలకు ఆసు పోసిన తల్లి రాత్రి అన్నం ముద్ద నోటికి ఎత్తలేకపోవడం ఆలేరు చుట్టుపక్కల నేతఇళ్లలో అందరూ చూసినదే.

శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కూడా చూశాడు. చూసి ఊరుకోలేదు. చదువు బడి మధ్యలోనే ఆగింది, యంత్రశాస్త్రం తెలియదు. 1992లో మొదలుపెట్టాడు. దారాన్ని ముందుకు వెనక్కి జరిపే భాగం కుదిరింది, మేకు దగ్గరకొచ్చాక చుట్టు తిప్పడం కుదరలేదు. ఊళ్లో నవ్వారు, డబ్బు అయిపోయింది, హైదరాబాద్ వచ్చి పనిలో చేరాడు. 1999లో బాలానగర్‌లో ఒకచోట కరెంటు పనికి వెళ్లినప్పుడు అక్కడ తిరుగుతున్న యంత్రం కదలికలో తనకు అడ్డుపడుతున్నదానికి జవాబు కనిపించింది. పని వదిలేసి లేతు దగ్గరకు వెళ్లి ఆ భాగం చేయించుకున్నాడు. తల్లి పేరున దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు. అయిదారు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ, 2019లో 'మల్లేశం' సినిమా. ఇంతవరకు తెలిసిన కథే.

కథలో నాకు ముఖ్యమనిపించేది సినిమాలో లేని సగం. ఆ యంత్రం ఎందుకు పాకింది? కొనాల్సినవాళ్లందరూ చుట్టుపక్కలే ఉన్నారు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, ఆలేరు అన్నీ ఒకే నేత పట్టీలో ఉంటాయి, బంధుత్వాలూ అక్కడే. ఒకరి ఇంట్లో నడుస్తుంటే పదిమంది వచ్చి చూడొచ్చు. ఏ ఇంట్లోనైనా నొప్పి ఒకటే, కొలత ఒకటే, కాబట్టి ఒకే నమూనా అందరికీ సరిపోయింది. చెడిపోతే చేసిన మనిషే వచ్చి బాగుచేస్తాడు. ఆసు వేగం పెరిగితే చీరలు పెరుగుతాయి, చేతికి నాలుగు డబ్బులొస్తాయి, కాబట్టి అప్పు చేసైనా కొన్నారు. కలుపు యంత్రానికి ఇవేవీ లేవు. ఒక రైతుది నల్లరేగడి, ఇంకొకరిది చల్క. ఒకరి సాళ్ల మధ్య దూరం ఇంకొకరి దగ్గర ఉండదు. ఏడాదిలో పట్టుమని పదిహేను రోజులు పని, మిగతా కాలమంతా కొట్టంలో మూల.

అంటే మంచి ఆలోచన, చెడ్డ ఆలోచన అనే తూకం ఒక్కటే సరిపోదు. దాని చుట్టూ ఉన్న ఊరూ, బజారూ, మట్టీ కూడా తూకంలో పడాలి.

గుజరాత్‌లోని వాంకానేర్ కుమ్మరి మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి సంగతే చూడండి. 2001 భూకంపంలో పగిలిన కుండ ఫొటో వేసి 'పేదవాడి ఫ్రిజ్ పగిలింది' అని ఒక పత్రిక రాసింది. ఆయన ఆ మాటను పట్టుకొని నాలుగేళ్లు తంటాలు పడి 2005లో కరెంటు అక్కర్లేని మట్టి ఫ్రిజ్ 'మిట్టీకూల్' తెచ్చాడు. పై అరలో నీళ్లు, గోడల్లోంచి చెమ్మ ఆవిరవుతూ లోపలి గదిని చల్లబరుస్తుంది. కూరగాయలు కొన్ని రోజులు వాడిపోకుండా ఉంటాయి. పొడిగాలి వీచే చోట ఇది చక్కని వస్తువు. అదే కాకినాడలోనో మచిలీపట్నంలోనో మే నెల ఉక్కపోతలో పెట్టి చూడండి. గాలిలోనే తడి నిండి ఉంటే గోడలోని తడి ఎక్కడికి పోతుంది? మబ్బుపట్టి ఉక్కగా ఉన్న రోజున కుండలో నీళ్లు చల్లబడవని కోస్తాలో ఏ అమ్మమ్మను అడిగినా చెబుతుంది. ఆ ఫ్రిజ్ గొప్పదనం ఏమీ తగ్గదు. 'దేశమంతటికీ' అని ప్రచారం చేసే ఉత్సాహం మాత్రం కొంచెం తగ్గాలి.

ఇంకా చిక్కైన కోవ ఒకటుంది. ఒక ఇంటికి మంచిదై, అన్ని ఇళ్లకూ చేరాక చెడ్డదయ్యే ఆలోచన. ఆటో స్టార్టర్ దీనికి నేను చూసినవాటిలోకెల్లా పెద్ద ఉదాహరణ.

బోరు బావుల కింద వ్యవసాయం చేసినవాళ్లకు ఆ రోజులు గుర్తుంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం, కానీ వచ్చేది కొన్ని గంటలు, అదీ విడతలుగా, ఎక్కువగా రాత్రుళ్లు. ఎప్పుడొస్తుందో తెలియదు. టార్చిలైటు పట్టుకుని చీకట్లో పొలానికి పోవాలి, పాములుంటాయి, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుంటే షాకు. అలా ప్రాణాలు పోయిన ఇళ్లు ప్రతి మండలంలో ఉన్నాయి. కరెంటు రాగానే దానంతటదే మోటరు నడిపించే చిన్న పెట్టె వచ్చింది. ఊరి ఎలక్ట్రీషియన్లే బిగించారు, బాగుచేశారు, ఇంకా చవగ్గా చేశారు. దీన్ని ఒకరికి ఒకరు చెప్పాల్సిన పని లేకుండా పోయింది. రెండో ఇంటికి దారి గురించి ఇంతసేపు మాట్లాడాం కదా, ఆటో స్టార్టర్‌కు ఆ దారి రహదారే అయింది.

ఏమైంది? మోటరు ఆన్ అయ్యే క్షణంలో మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు గుంజుతుంది. రైతు చేత్తో వేసినప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. ఆటో స్టార్టర్ ఉంటే ఫీడరులో కరెంటు వచ్చిన ఆ సెకనుకే అన్ని మోటర్లూ ఒక్కసారిగా లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టర్ మీద వేసుకుని, చందాలు వసూలు చేసుకుని, రిపేరు షెడ్డు దగ్గర పడిగాపులు. మడి నిండి గట్టు దాటి పొర్లుతున్నా ఆపే మనిషి ఉండడు కాబట్టి భూగర్భ జలం కూడా వట్టిపోతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వబోయే ముందు, ఆటో స్టార్టర్లు తీసెయ్యండని ప్రభుత్వమే ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చింది. రాత్రి నిద్ర కాపాడిన పెట్టెను తీసెయ్యమంటే రైతు ఎందుకు ఒప్పుకుంటాడు? తప్పు పెట్టెదీ కాదు, రైతుదీ కాదు. వేళాపాళా లేని కరెంటుకు ప్రతి రైతూ ఒంటరిగా వెతుక్కున్న మందు అది. అందరి మందూ కలిసి ఒక రోగమైంది. పొలం కాడ పుట్టిన ఉపాయాలన్నింటినీ ముద్దుచేసే మన వ్యాసాల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

సామాజిక ఆలోచనల సంగతి ఇంకో తీరు. వాటికి విడిభాగాలు అక్కర్లేదు, లేతు అక్కర్లేదు, పేటెంటు అసలే లేదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం జరుగుతున్నప్పుడు, సారా వల్ల చితికిన ఇంటి కథ పాఠంగా చదివిన ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. ఆ కథ రెండో ఊరికి ఎలా వెళ్లిందంటే, అక్షరాస్యత పాఠాల ద్వారానే వెళ్లింది. దారి అప్పటికే వేసి ఉంది. జిల్లా అంతటా సారా వేలంపాటలు ఆగాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. ఊళ్లో ఆడవాళ్లు కాపలా కాసినంత కాలం నిలబడిన పని, ఎక్సైజు శాఖ చేతికి వెళ్లాక నిలబడలేదు.

పాల్వంచ దగ్గరి పునుకుల తెచ్చిన మార్పు అంత మోత చేయలేదు, ఎక్కువ కాలం మిగిలింది. పత్తి, మిరప మీద పురుగుమందులు కొట్టీ కొట్టీ అప్పులపాలై, కొట్టేవాళ్లు వాంతులతో ఆసుపత్రి పాలైన ఊరది. 2000 దశకం మొదట్లో స్వచ్ఛంద సంస్థల సాయంతో వేప కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు, పసుపు జిగురు అట్టలు, ఎరపంటగా ఆముదం, బంతి, ఇలా ఒక్కొక్కటి పట్టుకుని రసాయన మందులు పూర్తిగా మానేశారు. ఇందులో కొత్త వస్తువు ఒక్కటీ లేదు. వేప కషాయం తాతలకూ తెలుసు. ఊరంతా ఒకేసారి మానేయడమే కొత్త. ఒక్క రైతు మానేస్తే పక్క చేను పురుగులు అతని మీద పడతాయి కదా. 2005 తర్వాత ఈ పద్ధతిని ఇందిరా క్రాంతి పథం మహిళా సంఘాల ద్వారా రాష్ట్రమంతా తీసుకెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి సేద్యానికి దారి అక్కడినుంచే పడింది. పొదుపు సంఘం వారం వారం కూర్చుంటుంది, లెక్కలు రాసుకుంటుంది, పక్క ఊరి సంఘంతో కలుస్తుంది. ఏ ఆలోచననైనా ఎక్కించి పంపడానికి ఇంతకన్నా మంచి బండి మన రెండు రాష్ట్రాల్లో లేదని నా నమ్మకం. మన ఆవిష్కర్తలు ఆ బండి ఎక్కడానికి ఎందుకు ప్రయత్నించరో నాకు అంతుబట్టదు.

ఇక పేటెంటు. ప్రదర్శనల్లో ఎవరిని కదిలించినా మొదట వచ్చే మాట ఇదే: "నా ఐడియా ఎవడన్నా కొట్టేస్తే?" భయం అర్థమయ్యేదే. చంద్రపూర్ జిల్లా నాందేడ్ గ్రామంలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1983 ప్రాంతంలో తన 'పటేల్ 3' వరిమడిలో తేడాగా ఉన్న మూడు వెన్నులు గమనించి, గింజలు విడిగా దాచి, ఏళ్లపాటు వేరు చేస్తూ సన్నరకం తీశాడు. అప్పట్లో అందరికీ మోజున్న హెచ్‌ఎంటీ వాచీ పేరు దానికి పెట్టారు. ఆ తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయం అదే రకాన్ని శుద్ధి చేశామంటూ తన పేరు జోడించి విడుదల చేసింది. 2018లో ఆయన పేదవాడిగానే పోయాడు. హైదరాబాద్ కిరాణా కొట్లలో హెచ్‌ఎంటీ అని రాసి ఉన్న బస్తా చూసినప్పుడు ఇది గడియారం కంపెనీ బియ్యం కాబోలు అనుకునేవాళ్లే ఎక్కువ.

కానీ మందు పేటెంటేనా? వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే రుసుము 1,600 రూపాయలే. పరీక్షకు మరో 4,000. అసలు ఖర్చు దరఖాస్తు రాసిపెట్టే ఏజెంటుది, అది వేలల్లో కాదు, పదుల వేలల్లో. వచ్చాక ఏటేటా పునరుద్ధరణ రుసుము. ఎవరో కాపీ కొడితే జిల్లా కోర్టుకు తక్కువ కాని న్యాయస్థానంలో దావా వేయాలి. వాయిదాలకు తిరిగేది ఆ మెకానిక్కే. ఇంకో ఉచ్చు ఉంది. ముందు పేటెంటు కార్యాలయంలో దాఖలు చేయకుండా యంత్రాన్ని పదిమందికీ చూపించి, పత్రికలో వేయించుకుంటే 'కొత్తది' అనే అర్హతే పోవచ్చు. తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టుకుంటే పూర్తి వివరణకు పన్నెండు నెలల గడువుంటుంది, దరఖాస్తు పడ్డాక ప్రదర్శించుకోవచ్చు. ఈ ముక్క చెప్పకుండా ఊళ్లవాళ్లను స్టేజీ ఎక్కించడం నాకు అన్యాయంగా తోస్తుంది. జర్మనీలో 1891 నుంచి చిన్న చిన్న మార్పులకు తక్కువ కాలం, తక్కువ ఖర్చుతో రక్షణ ఇచ్చే యుటిలిటీ మోడల్ ఉంది. మన కేంద్రం 2011లో దానిమీద చర్చాపత్రం వేసింది. చట్టం రాలేదు.

శానిటరీ నాప్కిన్లు తయారుచేసే యంత్రం చేసిన కోయంబత్తూరు మురుగనాథం దారి దీనికి భిన్నం. నాప్కిన్లలో ఉన్నది దూది కాదని, చెక్క గుజ్జు పీచని కనిపెట్టడానికే ఆయనకు ఏళ్లు పట్టింది. యంత్రం చేశాక పెద్ద కంపెనీకి అమ్మలేదు. మహిళా సంఘాలకు ఇచ్చాడు, ఎవరి పేరుతో వాళ్లు తయారుచేసుకున్నారు. కొన్ని సంఘాలు నిలిచాయి, కొన్ని టీవీ ప్రకటనల బ్రాండ్లతో పోటీపడలేక మూసుకున్నాయి. యంత్రం ఇంటికి చేరితే చాలదు, అది చేసే సరుకు కూడా బయటి బజారుకు చేరాలి.

తప్పుడు ఆలోచనల ప్రస్తావన కూడా రావాలి, లేకపోతే ఈ సమీక్ష సగమే. ప్రతి రెండేళ్లకూ ఎవరో ఒకరు నీళ్లతో నడిచే బండి కనిపెట్టారని వార్త వస్తుంది. నీళ్లంటే హైడ్రోజన్ కాలిపోయాక మిగిలిన బూడిదలాంటిది. బూడిదను మళ్లీ కాల్చి అన్నం వండలేం. ఈ మాట ఆ మనిషి మొహమ్మీద చెప్పేవాళ్లు లేక, చప్పట్లు కొట్టి పంపేస్తే అతని ఇల్లు గుల్లవుతుంది. నిర్మొహమాటంగా పరీక్షించే చోటు ఉంటే ఆలోచన చేసినవాడికే మేలు. హైదరాబాద్‌లో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ లాంటి చోట యంత్రాలు, నమూనా చేయగల మనుషులు ఉన్నారు. ఆదిలాబాద్ రైతు అక్కడికి రావడానికి ఒక రోజు బస్సు ప్రయాణం, ఇంగ్లిషులో ఒక ఫారం. ప్రతి ఐటీఐలో లేతు ఉంది, మిల్లింగ్ యంత్రం ఉంది, సాయంత్రం అయిదు తర్వాత తాళం ఉంది. ఆ తాళం చెవి ఊరి మెకానిక్‌కు ఇచ్చే ఏర్పాటు చేస్తే కొత్త భవనాలు కట్టనక్కర్లేదు.

ఆ రోజు మధ్యాహ్నం షామియానా విప్పుతున్నారు. మెకానిక్ తన కలుపు యంత్రాన్ని ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందరూ ఫొటో దిగి వెళ్లారు. చివర్లో తువ్వాలు భుజాన వేసుకున్న ఒక రైతు ఆగి, ఇంజన్ జోలికి పోకుండా, కింద వంగి బెల్టును వేలితో నొక్కి చూశాడు.

"ఇది తెగితే యాడ దొర్కుతది?"

"పిండిగిర్నీకి ఏసేదేనన్నా. బీ నలభై రెండు అని అడుగు, ఏ దుకాణంలనైనా ఇస్తరు."

రైతు జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాడు. తర్వాత ధర అడిగాడు.